గ్రహణము: గణితము, దర్శనము

వేదాంగములలో జ్యోతిషము నేత్రస్థానీయమని శిక్షాకారులు చెప్పినారు. ఈ మాటను మనము విద్యార్థులకు మొదటి పాఠముననే చెప్పుచుందుము. నేత్రమని పేరు గల శాస్త్రమును కన్నులు మూసుకొని చదువుట, చదివించుట ఎంతవరకు సమంజసము అను ప్రశ్న మాత్రము నాకు డెబ్బది యేండ్లు దాటిన తరువాత గాని గట్టిగా కలుగలేదు. ఆ ప్రశ్న కలుగుటకు కారణమైన ఒక రాత్రిని గూర్చియు, దానివలన మన ప్రాచ్యకళాశాలల పాఠక్రమమును గూర్చి నాకు తోచిన ఒక ప్రతిపాదనమును గూర్చియు ఈ వ్యాసమున విన్నవించుకొందును. నేను వ్యాకరణ సాహిత్యములు గురుముఖమున చదువుకొన్నవాడను. జ్యోతిషము నా ప్రధాన విషయము కాదు. కావున ఇందు దోషములున్న సిద్ధాంతులు సవరింతురు గాక.

శ్రీ విశ్వావసు నామ సంవత్సర భాద్రపద శుద్ధ పూర్ణిమ, భానువారము, అనగా 2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము సంభవించినది. అది రాహుగ్రస్తము, కుంభరాశిలో, శతభిష పూర్వాభాద్రల సంధిలో జరిగినది. స్పర్శ మొదలు మోక్షము వరకు సర్వమును మన దేశమున కనిపించునట్టిది. ఉద్యోగవిరమణానంతరము నేను మేడ్చల్ నుండి శామీర్‌పేటకు పోవు దారిలో మా కుమారుని ఇంట నివసించుచున్నాను. ఇరువది యేండ్ల క్రిందట ఈ ప్రాంతమున చీకటి పడిన తరువాత జొన్నచేల మీది నక్షత్రములు చేతికందునట్లుండెడివి. ఇప్పుడు వలయ రహదారి దీపములు, గిడ్డంగుల దీపములు, క్రొత్త కాలనీల దీపములు ఆకాశమును తెల్లబరచుచున్నవి. సప్తర్షులలో ఏడుగురిని లెక్కపెట్టుటయే కష్టముగా ఉన్నది. అయినను గ్రహణ దర్శనమునకు దీపముల బాధ లేదు. చంద్రుడు ఈ దీపములన్నింటికంటె బలవంతుడు. కావున నగరపు అంచున ఉన్న ఇంటి మేడ మీద నుండి కూడ ఎవరైనను నిరాటంకముగా చూడదగిన జ్యోతిర్విశేషము ఇది యొక్కటియే అని చెప్పవచ్చును.

మా మనుమరాలు ఇంటర్మీడియేటు చదువుచున్నది. దానికి బహుమానముగా వచ్చిన చిన్న దూరదర్శిని యొకటి మా ఇంట ఉన్నది. దాని ముందరి కటకము వ్యాసము 70 మిల్లీమీటర్లు. పొడవు మూరకంటె కొంచెము ఎక్కువ. "తాతయ్యా, ఈసారి మీరు కూడ మేడ మీదికి రావలె" అని అది వారము రోజుల ముందు నుండియే పట్టుబట్టినది. నాకు ఒక చిక్కు ఉన్నది. నాది కుంభరాశి. మా ఇంట నున్న పంచాంగములన్నియు కుంభరాశివారు ఈ గ్రహణమును చూడరాదనియే వ్రాసినవి. పుట్టినది మొదలు నేను అట్టి నియమములను తప్పినవాడను కాను.

అసలు చిక్కు రాశి మాత్రమే కాదు. 1995 అక్టోబరు 24న సూర్యగ్రహణము వచ్చినది. అప్పుడు నేను ఒక ప్రాచ్యకళాశాలలో పనిచేయుచుంటిని. జ్యోతిషాధ్యాపకులు సెలవులో ఉండుటచేత సిద్ధాంతశిరోమణిలోని గ్రహణ ప్రకరణమును కొన్ని దినములు నేనే చెప్పవలసి వచ్చినది. చంద్రగ్రహణమున ముందుగా తూర్పు అంచు మలినమగుననియు, సూర్యగ్రహణమున పడమటి అంచు మలినమగుననియు చెప్పి, దానికి ఉపపత్తిని నల్లబల్ల మీద వ్రాసితిని. వెనుక వరుసలోని విద్యార్థి లేచి, "గురువుగారూ, మీరు చూచినారా?" అని అడిగినాడు. అతని మాటలో ధిక్కారము లేదు. నిజముగా తెలిసికొనగోరియే అడిగినాడు. నేను, "శాస్త్రము చూచినది. మనము చూడనక్కరలేదు" అని అతనిని కూర్చుండబెట్టినాను. తరగతి నవ్వినది. అతడు మరల నన్ను ఏ ప్రశ్నయు అడుగలేదు.

అప్పటికి పదునైదేండ్ల ముందు, 1980 ఫిబ్రవరి 16న, సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన హైదరాబాదు సమీపము నుండియే సాగిపోయినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి రంగాపురము వేధశాల ఆ నీడదారిలోనే ఉన్నది. అక్కడ శాస్త్రజ్ఞులు ఆ కొద్ది నిమిషముల కొరకు యంత్రములతో సిద్ధపడి నిలిచిరి. ఆ దినమున నేను నగరముననే ఒక బంధువుల ఇంట కిటికీలకు దుప్పట్లు కట్టి జపము చేసికొనుచుంటిని. జపము చేసినందుకు నాకు విచారము లేదు. ఒక జీవితమున మరల రాని దృశ్యము గోడకు ఆవల జరిగిపోవుచుండగా, దానిని గణించు శాస్త్రమును బోధింపబోవువాడను నేను కిటికీ ఇవతల ఉంటినని మాత్రము ఇప్పుడు విచారము కలుగుచున్నది.

కావున ఈసారి ఇట్లు నిశ్చయించుకొన్నాను. మధ్యాహ్నము వేధారంభమునకు ముందే భోజనము ముగించినాను. శాస్త్రోక్తమైన దానమును సంకల్పించుకొన్నాను. మా గృహిణి ఊరగాయ జాడీల మీద దర్భలు వేసినది. స్పర్శస్నానము చేసి, తడిబట్ట మార్చి, జపమాల చేతబట్టుకొనియే మేడ యెక్కినాను. శాంతికర్మ మానలేదు, దర్శనమును మానలేదు.

ముందునాడు అనంత చతుర్దశి. వినాయక నిమజ్జనపు సందడి అప్పుడప్పుడే సద్దుమణిగినది. ఆకాశమున వర్షర్తువు మేఘములు విడివిడిగా పోవుచుండెను. రాత్రి 9 గంటల 57 నిమిషములకు స్పర్శ అని గణితము. అప్పటికి చంద్రుడు ఆగ్నేయ దిక్కున సగమునకు పైగా ఎక్కియున్నాడు. దూరదర్శినిలో కన్ను పెట్టి చూచుచుండగా చంద్రబింబపు కుడి అంచున పొగ పట్టినట్లు ఒక మసక కనిపించి, క్రమముగా చిక్కబడినది. నా గుండె ఒక్క క్షణము ఆగినట్లయినది. ఆగ్నేయాభిముఖముగా నిలిచినవానికి తూర్పు ఎడమ ప్రక్కన ఉండవలెను. నీడ ఎడమ నుండి రావలెను. ఇదేమి, కుడి నుండి వచ్చుచున్నది? ముప్పదియేండ్ల క్రిందట నల్లబల్ల మీద నేను వ్రాసినది తప్పా? ఆ విద్యార్థి అడిగినప్పుడు నేను చెప్పిన సమాధానము అసత్యమునకు కూడ కాపలా కాచినదా?

కన్ను తీసి వట్టి కంటితో చూచినాను. నీడ ఎడమ ప్రక్కననే ఉన్నది. మనుమరాలు నవ్వి, "తాతయ్యా, గొట్టము చివర మెడ నొప్పి పుట్టకుండుటకు వాలుగా ఒక అద్దము పెట్టినారు. దానివలన పైక్రిందులు సరిగా ఉండును గాని కుడి ఎడమలు తారుమారగును" అని చెప్పినది. శాస్త్రము చెప్పినదియు సత్యమే, కన్ను చూచినదియు సత్యమే. మధ్యనున్న సాధనపు స్వభావము నాకు తెలియలేదు.

ఈ చిన్న సంఘటనలో మీమాంసకులకు సుపరిచితమైన విషయమే ఉన్నది. జ్ఞానము స్వతః ప్రమాణము. బాధక ప్రత్యయము గాని, కరణదోష జ్ఞానము గాని కలిగినప్పుడే దానికి అప్రామాణ్యము అని కుమారిలభట్టుల మార్గము. నా మొదటి చూపునకు వట్టి కంటి చూపు బాధకమైనది. అద్దము కరణదోషముగా తేలినది. ఇట్లు పరీక్షించి స్వీకరించినదే ప్రత్యక్షము. దూరదర్శినిలో కనిపించినది గనుక సత్యమనుటయు, గ్రంథములో ఉన్నది గనుక చూడనక్కరలేదనుటయు రెండును విచారము లేని మాటలే. తర్కమీమాంసలు చదువుకొన్న మన విద్యార్థులు ఈ పరీక్షకు అధికారులు. యంత్రమును గూర్చి నాలుగు మాటలు తెలిసినచో వారికంటె మంచి పరిశీలకులు దొరకరు.

గ్రహణపు ఐదు కాలములను మేమిద్దరమును వేరువేరు కాగితముల మీద వ్రాసికొన్నాము. గణితము ప్రకారము స్పర్శ 9.57, సమ్మీలనము 11.01, మధ్యము 11.42, ఉన్మీలనము 12.23, మోక్షము 1.27. అనగా విమర్దకాలము 82 నిమిషములు, మన మానమున సుమారు 3 గడియల 25 విఘడియలు. స్పర్శమోక్షముల నడిమి స్థితికాలము సుమారు 8 గడియల 43 విఘడియలు. మా కాగితములలో స్పర్శకాలము నాకు 9.59, దానికి 9.58. మేము తొందరపడలేదు, ఆలస్యము చేయలేదు. నీడ అంచు గీత గీసినట్లు ఉండదు. సూర్యుడు బిందువు కాక బింబము గనుక భూచ్ఛాయ చుట్టును ఉపచ్ఛాయ ఉండి, అంచు మసకబారును. పైగా భూమి వాయుమండలము వలన నీడ గణితమునకంటె సుమారు యాబదియవ వంతు పెద్దదిగా కనిపించునని ఫ్రెంచి జ్యోతిష్కుడు లా హీర్ పదునెనిమిదవ శతాబ్ది ఆరంభముననే గమనించినాడు. నేటి గణకులు కూడ ఆ వృద్ధిని కలుపుకొనియే కాలములను నిర్ణయింతురు. ఒక నిమిషపు తేడా ఎట్లు వచ్చునో కాగితము మీద ఎంత చదివినను నాకు బోధపడలేదు. కన్ను పెట్టిన పది నిమిషములలో బోధపడినది.

నీడ ముందుకు జరిగిన కొలది దాని అంచు వంపు స్పష్టమైనది. ఆ వంపు చంద్రబింబపు వంపుకంటె చాల విశాలము. చంద్రుని దూరమున భూచ్ఛాయ వ్యాసము చంద్రబింబమునకు రెండున్నర రెట్లకు పైగా ఉండును. భూభా బింబమును లెక్క కట్టుటకు ఆర్యభటుడు 499 ప్రాంతమున రచించిన తన గ్రంథములోని గోలపాదమున చెప్పిన ఉపాయమును మనము సూత్రముగా వల్లె వేయుదుము. ఆ సూత్రము గుండ్రని నీడగా చంద్రుని మీద కదలిపోవుచుండగా చూచుట వేరు అనుభవము. 11 గంటలకు బింబమంతయు మునిగి రాగిచెంబు వన్నె పొందినది. సూర్యసిద్ధాంతము ఛేద్యకాధికారమున గ్రాసమును బట్టి చంద్రుని వర్ణములను చెప్పుచు, సగముకంటె తక్కువైనచో ధూమ్రము, సగమును మించినచో కృష్ణము, విడుచునప్పుడు కృష్ణతామ్రము, సంపూర్ణమైనచో కపిలము అని క్రమము తెలిపినది. ఆ రాత్రి ఆ నాలుగు అవస్థలను ఒక్కొక్కటిగా చూచినాను. ఆ శ్లోకమును చెప్పినవాడు ఎవరైనను మేడ మీదనో, కొండ మీదనో నిలిచి చూచినవాడే.

ఇక్కడ ఒక గణిత విశేషమును సహృదయుల ముందుంచుచున్నాను. ఆ రాత్రి పూర్ణిమాంతము 11.39, మధ్యగ్రహణము 11.42. సూర్యసిద్ధాంతము స్ఫుటపర్వాంతమునే మధ్యగ్రహణమని గ్రహించినది. చంద్రుని మార్గము క్రాంతివృత్తమునకు వాలి ఉండుటచేత ఈ మూడు నిమిషముల అంతరము ఏర్పడినది. వట్టి కంటికి ఇది అందునది కాదు. ప్రాచీనులు దానిని విడిచినందుకు వారిని తప్పుపట్టనక్కరలేదు.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. సూర్యసిద్ధాంతమున చంద్రుని పరమ మందఫలము సుమారు 5 అంశల 2 కలలు. నేటి గణితమున అది 6 అంశల 17 కలలు. దీనిని చూచి మనవారి లెక్క ఒక అంశకు పైగా తప్పినదని కొందరు పరిహసింతురు. వాస్తవమేమనగా చంద్రునికి సూర్యాకర్షణ వలన కలుగు మరియొక వైషమ్యము 1 అంశ 16 కలల వరకు ఉన్నది. పూర్ణిమామావాస్యలయందు ఇది మొదటిదానికి విరుద్ధముగా పనిచేయును. 6 అంశల 17 కలల నుండి 1 అంశ 16 కలలను తీసివేసినచో 5 అంశల 1 కల మిగులును. సిద్ధాంతకారుల సంఖ్య దీనికి ఒక్క కల దూరమున ఉన్నది! అనగా వారు తమ సంఖ్యను పర్వకాలములలో, గ్రహణములను చూచి సాధించినారు. గ్రహణములను చూడనివారికి ఆ సంఖ్య దొరకదు. దొరికినచో 6 దొరకవలెను, లేదా మరేదైన దొరకవలెను. మన పూర్వులు గ్రహణ వేళ మేడ యెక్కినారనుటకు ఇంతకంటె బలమైన సాక్ష్యము నాకు కనిపించుట లేదు.

ఇదే సంఖ్య అష్టమీ ప్రాంతములందు చాలదు. అక్కడ రెండు వైషమ్యములును కూడుకొనును. అందుచేతనే పూర్వపద్ధతి పంచాంగములకును దృగ్గణిత పంచాంగములకును తిథ్యంతములలో కొన్ని గంటల భేదము వచ్చుచున్నది. గ్రహణములందు మాత్రము ఆ భేదము స్వల్పము. ఈ రెండవ సంస్కారమును ముంజాలుడు పదవ శతాబ్దిలో లఘుమానసమున చెప్పినాడు. ఉత్కళ దేశమున సామంత చంద్రశేఖరుడు స్వయముగా చేసికొన్న వెదురు యంత్రములతో, వట్టి కంటితో దీర్ఘకాలము వేధలు జరిపి, తుంగాంతర సంస్కారమను పేర సాధించి, 1899లో అచ్చయిన సిద్ధాంతదర్పణమున పొందుపరచినాడు. శాస్త్రము నిలిచిపోలేదు, చూచినవారి చేతిలో పెరుగుచునే వచ్చినది.

ఇక ధర్మశాస్త్రపు మాట. గ్రహణమును చూడరాదను లోకాచారము బలముగా ఉన్నది. కొన్ని రాశులవారి విషయమున నిబంధనలు కూడ ఉన్నవి. వాటిని నేను త్రోసివేయుట లేదు. అయితే పుణ్యకాలమును నిర్ణయించునప్పుడు నిబంధనకారులు దేనిని ఆధారముగా గొన్నారో గమనింపుడు. కంటికి కనిపించదగినంత కాలమే పుణ్యకాలమని ధర్మసింధువు చెప్పుచున్నది. ద్వీపాంతరమున కనిపించి మనకు కనిపించని గ్రహణమునకు స్నానదానములు లేవు. మేఘములు క్రమ్మినప్పుడు మాత్రము శాస్త్రము వలన కాలము తెలిసికొని ఆచరింపవలెను. అనగా ధర్మశాస్త్రమున గణితము చాక్షుష దర్శనమునకు ప్రతినిధి. ప్రతినిధి ఉన్నాడని యజమానిని ఇంటినుండి వెళ్లగొట్టుట మనము చేసిన పని. ఆ రాత్రి 11.20 ప్రాంతమున మేఘము అడ్డుపడి పావుగంట సేపు మమ్ము చీకటిలో ఉంచినప్పుడు, ఆ నిబంధన ఎంత అనుభవపూర్వకముగా వ్రాయబడినదో తెలిసినది.

రెండు వైపుల నుండి నాకు ఆక్షేపణలు వచ్చునని ఎరుగుదును. ఒక పక్షమువారు, "ఇవి మ్లేచ్ఛ యంత్రములు, మనకెందుకు?" అందురు. సవాయి జయసింహుని ఆస్థానమున జగన్నాథ సమ్రాట్టు రేఖాగణితమును పరభాష నుండి సంస్కృతమునకు తెచ్చినప్పుడు శాస్త్రము మైలపడలేదు. మరియొక పక్షమువారు, "మీ వారు పాము మ్రింగినదని నమ్మినవారు గదా!" అందురు. ఆర్యభటుడు భూచ్ఛాయయే చంద్రుని కప్పునని స్పష్టముగా చెప్పినాడు. వరాహమిహిరుడు బృహత్సంహిత రాహుచారాధ్యాయమున, రాహువే కారణమైనచో చంద్రునికి తూర్పున, సూర్యునికి పడమట స్పర్శ ఏల కలుగవలెనని ప్రశ్నించి రాహువాదమును నిరాకరించినాడు. మనము గోప్యము చేయకూడని సంగతి కూడ ఉన్నది. 628లో బ్రహ్మగుప్తుడు ఛాయతోనే గణితము చేసి, రాహువును కాదన్నవారిని మాత్రము స్మృతివిరుద్ధులని నిందించినాడు. 1150లో భాస్కరాచార్యుడు బ్రహ్మవర ప్రభావమున రాహువు ఛాయలో ప్రవేశించునని సమన్వయించినాడు. ఈ వివాదమంతయు విద్యార్థులకు యథాతథముగా చెప్పవలెను. అట్లే చంద్రుని పరమశరము సిద్ధాంతములలో 270 కలలనియు, నేటి వేధచే సుమారు 309 కలలనియు నిస్సంకోచముగా చెప్పవలెను. అన్నియు మనవారే కనిపెట్టినారను ప్రగల్భము కూడ చూడకుండ మాట్లాడుటయే. నా 1995 నాటి సమాధానమునకు అది సోదరుడు.

తెలుగువారికి ఈ విద్య క్రొత్తది కాదు. పన్నెండవ శతాబ్దిలో మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతమునకు తెలుగున కూడ వ్యాఖ్య వ్రాసినాడు. తరువాత ఎల్లయ, తమ్మయజ్వ మొదలైనవారు ఆ పరంపరను నిలిపినారు. స్వగృహమున దూరదర్శిని నిలిపి ఆకాశమును చూచుటలో కూడ మనకు పూర్వులున్నారు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున తమ డాబా తోటలోని నివాసముననే వేధశాల స్థాపించినారు. వారి అల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు దానిని వృద్ధిచేసి, 1874 డిసెంబరు 9న సూర్యబింబము మీదుగా శుక్రుడు సాగిపోవుటను అక్కడ నుండియే పరిశీలించినారు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రాన్సు నుండి జాన్సెన్ గుంటూరునకు వచ్చినాడు. 1901లో నవాబు జఫర్ జంగు హైదరాబాదు ఫిసల్‌బండలో నెలకొల్పిన వేధశాల తరువాత నిజామియా వేధశాలయై బేగంపేటకు మారి, నక్షత్ర పట మహాకార్యమున పాలుపంచుకొన్నది. ఇవన్నియు మన ముంగిట జరిగినవి. మన పండితకుటుంబములు ఆ దినములలో తలుపులు మూసికొని ఉన్నవేమో అని నాకు సందేహము. కేరళమున అట్లు జరుగలేదు. వటశ్శేరి పరమేశ్వరుడు యాబదియైదేండ్లు గ్రహణాదులను చూచి, గణితమునకును దృష్టికిని భేదము కనుగొని, 1431లో దృగ్గణితమును రచించినాడు. నీలకంఠ సోమయాజి జ్యోతిర్మీమాంసలో ఈ పరీక్షయే శాస్త్రధర్మమని వాదించినాడు.

కావున నా ప్రతిపాదనము ఇది. ప్రతి ప్రాచ్యకళాశాలయు ఒక చిన్న దూరదర్శినిని సంపాదింపవలెను. మా ఇంటనున్నటువంటిది చాలును. గ్రంథాలయమునకు ఒక నిఘంటు సంపుటము కొనినంత సులభముగా కొనవచ్చును. మన ప్రాంతమున కనిపించు ప్రతి చంద్రగ్రహణమునకును విద్యార్థులు ముందుగా సూర్యసిద్ధాంతము చేతనో గ్రహలాఘవము చేతనో స్పర్శాది కాలములను స్వయముగా గణింపవలెను. ఛేద్యకమును గీయవలెను. ఆ రాత్రి చూచి, గణితకాలమును, పంచాంగకాలమును, దృష్టకాలమును మూడు వరుసలలో వ్రాయవలెను. మేఘములు క్రమ్మినచో క్రమ్మినవనియే వ్రాయవలెను. ఆ పట్టికలను ఇట్టి పత్రికలలో ప్రకటింపవలెను. శాసన పరిశోధకులకు కూడ ఇది ఉపకరించును; సోమగ్రహణ నిమిత్తముగా ఇచ్చిన దానములను చెప్పు శాసనములు మన దేశమున ఎన్నో ఉన్నవి; వాటి కాలనిర్ణయమునకు గ్రహణ గణితము తెలిసినవాడే అధికారి. చంద్రగ్రహణమును దూరదర్శినితో చూచుటవలన కంటికి ఏ హానియు లేదు. సూర్యగ్రహణ విషయమున మాత్రము తగిన ఆవరణము లేనిదే యంత్రము వైపు పోరాదని విద్యార్థులకు గట్టిగా చెప్పవలెను. 2028 డిసెంబరు 31 రాత్రి మనకు మరియొక సంపూర్ణ చంద్రగ్రహణము కనిపించును; స్పర్శ సుమారు 8.37, మధ్యము సుమారు 10.22. గణితము నేర్చి సిద్ధపడుటకు కాలము చాలును.

మోక్షకాలమున మేమిద్దరమే మేడ మీద ఉంటిమని తలచినాను. వెనుకకు చూడగా మా గృహిణి మెట్ల మీద కూర్చుండి ఉన్నది. "ఏమండీ, నాది మేషరాశి. నాకు నిషేధము లేదు" అని లేచి వచ్చి, మునుపు ఎన్నడును చూడని ఆ బింబమును చాలసేపు చూచి, ఏమియు అనకుండ స్నానమునకు దిగిపోయినది. నేను నా కాగితమున చివరి పంక్తి వ్రాసికొన్నాను: మోక్షము 1.26, పడమటి అంచున.

ఆ విద్యార్థి పేరు నాకు గుర్తున్నది గాని ఇక్కడ వ్రాయుట ఉచితము కాదు. అతడు ఇప్పుడు ఎక్కడనో అధ్యాపకుడై ఉండునని విన్నాను. ఈ పత్రిక అతని చేతికి చేరినచో, 1995లో అతడడిగిన ప్రశ్నకు నా సమాధానము ఇది: అప్పటికి చూడలేదు, నాయనా. ఇప్పుడు చూచినాను. తూర్పు అంచుననే.